మిరప కల్లంలో మసగ్గా ఉన్న మనిషి

మొహం ఒక్కటే తేటగా పడి వెనకంతా మసకైపోవాలని, నెల రోజులు వీడియోలు చూసి మరీ యాభై ఎంఎం లెన్స్ కొన్నాను. ఈ వయసులో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాను, నవ్వకండి. మొదటి ఫొటో అమ్మకే తీశాను. చూపిస్తే, "నేను బానే ఉన్నా గానీ, వెనక నా మందార చెట్టు ఏమైందే?" అంది.

ఆ మాటకి బీరువాలో పాత ఫొటో గుర్తొచ్చి బయటికి తీశాను. మా వైపు వాళ్లందరి ఇళ్లలోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది కదూ? చిన్నప్పుడు నన్ను మిరప కల్లంలో ఎర్రటి రాశి ముందు నిలబెట్టి తీసిన ఫొటో. బుట్ట చేతుల గౌను, రిబ్బన్లు కట్టిన రెండు జడలు, ఘాటుకి నీళ్లు కారుతున్న కళ్లు. "తుమ్మావంటే ఫొటో పాడైపోద్ది" అని మా బాబాయి భయపెడితే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే ముక్కు చురుక్కుమంటుంది.

నా వెనక నలుగురు ఆడవాళ్లు, మూతికి గుడ్డలు కట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉంటారు. అందరూ మసకే. చీరల రంగులు కూడా వెలిసిపోయాయి. వాళ్లలో అమ్మ ఉందని తెలుసు గానీ, ఎవరో నాకు ఏనాడూ తెలియలేదు. అడగాలనీ తోచలేదు.

"ఇందులో నువ్వెవరమ్మా?" అన్నాను.

కళ్లజోడు తెచ్చుకుని వెతుకుతుందనుకున్నాను. అమ్మ ఫొటో చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ముగ్గురు కాయల మీదకి వంగి ఉంటారు చూడు. పని ఆపి నీ వంకే చూస్తా ఉన్నది నేను."