కొండనాలుక జారలేదు

మా మనవరాలు అన్నం ముద్ద మింగలేక ఏడుస్తుంటే కొండనాలుక జారిందనుకున్నాను. మా ఇళ్ళల్లో దానికి నడినెత్తి జుట్టు పట్టి పైకి లాగడమే వైద్యం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని జుట్టు పట్టుకున్నానో లేదో, మాడు పెనంలా కాలుతోంది. వదిలేసి కోడల్ని కేకేశాను. ఇద్దరం పిల్లను కొత్తపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. దూదిపుల్లతో గొంతు లోపల తుడిచి పరీక్ష చేసింది.

"కొండనాలుక జారిందేమోనండీ," అన్నాను.

"అది దాని చోటనే ఉందండి మామ్మగారూ. గొంతులో బ్యాక్టీరియా చేరి చీము పట్టింది. జ్వరం తగ్గినా సరే, నేను చెప్పినన్నాళ్ళూ మందు మానకండి."

"ఆయ్, అలాగేనండి."

మందు పడ్డాక జ్వరం దిగింది. పిల్ల ఇడ్లీ తిని గెంతులు మొదలెట్టింది. మందు సీసా తీస్తే మూతి తిప్పేసింది.

"తగ్గిపోయింది కదే మామ్మా!"

పోయిన మా ఆయనా అంతే, ఒళ్ళు తేలికపడగానే మందు మానేసేవారు. ఆయన మాట నెగ్గనిచ్చేదాన్ని. దీని మాట నెగ్గనివ్వలేదు.

"నీకు తగ్గిందే తల్లీ, గొంతులో చేరినదింకా పోలేదు. నోరు తెరు."