మెళ్ళో కంప్యూటరు

బావగారికి పరాయి కంప్యూటర్ల పిచ్చి ఉండేది. ఆయన కంప్యూటరంతా బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లో ఉండేది. దాన్ని నల్లతాడుకు కట్టి మెళ్ళో వేసుకునేవారు. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ కంప్యూటరు ఆపించి, ఇది గుచ్చి, మళ్ళీ వేసేవారు. వాళ్ళ తెరమీద ఆయన పెంపుడు పిల్లి ఫొటో, ఆయన కాగితాలు ప్రత్యక్షమయ్యేవి. పని కాగానే పెన్‌డ్రైవ్ పీక్కుని లేచేవారు. ఇంటివాళ్ళ సరుకు ఒక్కటీ చెదిరేది కాదు.

"భోజనం మీ ఇంట్లో, కంచం నాది. కడిగే బాధ కూడా మీకు లేదు" అనేవారు.

ఆన్ చేయగానే ఏదో ఒక మీట టకటకా కొడితేగాని కంప్యూటరు పెన్‌డ్రైవ్ మాట వినదు. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో మీట. ముప్ఫయ్యేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రిటైరైన బావగారు మనుషుల్ని ఆ మీటలతోనే గుర్తుపెట్టుకునేవారు. "ఎఫ్ పన్నెండుగారి అమ్మాయికి ఉద్యోగం వచ్చింది" అంటే పళ్ళ డాక్టరు. "పాపం, డిలీట్‌గారికి మోకాళ్ళ నొప్పులు" అంటే వీధి చివర ఒంటరిగా ఉండే టైలరు.

పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకోబెట్టి "నోరు తెరవండి" అంటే, "ముందు మీరు కంప్యూటరు ఆపండి" అన్నారట. జెరాక్సు షాపతను ఈయన్ని దూరంనుంచి చూడగానే కీబోర్డు బల్లకిందికి తోసేసేవాడు.

మరదలిది ఎస్కేప్. తమ్ముడు పోయిన రెండో నెలనుంచి బుధ, శనివారాల్లో పదకొండయ్యేసరికి బావగారు ఆవిడ గుమ్మంలో ఉండేవారు.

"అమ్మాయ్, తెర ఖాళీగా ఉందా?"

తమ్ముడి కంప్యూటరు ముందు రెండు గంటలు కూచుని, వీధిదీపాలు వెలగడం లేదని అర్జీలు కొట్టేవారు. మధ్యలో కేక వేసేవారు.

"అమ్మాయ్, 'అయ్యా' అందామా, 'మహాశయా' అందామా?"

ఆవిడ కూరలు తరగడం ఆపి వచ్చి చూసేది.

"'అయ్యా' చాలండి."

"మరీ మెత్తగా లేదూ?"

"మీరేమన్నా దీపాలడుగుతున్నారా, దెబ్బలాటకి వెళ్తున్నారా?"

ఆ వాదన తేలేసరికి కూర మాడేది.

ఒక బుధవారం ఆవిడ చెప్పేసింది. "ఇందులో డిస్కు పాడైపోయింది బావగారూ."

"డిస్కుతో నాకేం పనమ్మాయ్? నేను దానివైపే చూడను." పిల్లి తెరమీదికి వచ్చేసింది.

"శనివారం పాతసామాన్లతను వస్తున్నాడు. ఇచ్చేస్తున్నాను."

బావగారు అర్జీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. పెన్‌డ్రైవ్ తీసుకోవడం కూడా మర్చిపోయారు.

ఆ పెట్టె చూసినప్పుడల్లా భర్త గుర్తొస్తున్నాడనే ఆవిడ దాన్ని వదిలించుకుందామనుకుంది. తీరా అది వెళ్ళిపోతే బావగారికి ఈ ఇంట్లో పనేముంటుంది? వారంలో ఆవిడ నోరు విప్పి మాట్లాడే రోజులు ఆ రెండే. ఊరికే రండి అని ఒకరిని పిలవడం ఆవిడకు చేతకాదు.

మర్నాడు పెన్‌డ్రైవ్ ఇద్దామని వెళ్తే ఆయన బజారుకు వెళ్ళారు. ముందుగదిలో, గుడ్డ కప్పి, నిక్షేపంలాంటి కంప్యూటరు కనిపించింది.

"ఇదెవరిదక్కయ్యా?"

"ఇంకెవరిది, మీ బావగారిదే. మూడేళ్ళయింది కొని." తోడికోడలు నవ్వింది. "పొద్దున్నే ఇక్కడ కొట్టిన అర్జీనే మళ్ళీ మీ ఇంట్లో కొడతారు. ఊరికే చూడ్డానికొస్తే నువ్వు 'బాగానే ఉన్నానండీ' అని కాఫీ ఇచ్చి పంపించేస్తావట. పనుందంటే కూచోనిస్తావట. ఆ టైలరూ అంతేనట."

"మరి పళ్ళ డాక్టరో?"

"అది మీకు అనుమానం రాకుండా."

మరదలు పెన్‌డ్రైవ్ మళ్ళీ కొంగున ముడేసుకుంది. "నేనొచ్చినట్టు చెప్పకక్కయ్యా" అని ఇంటికొచ్చేసింది.

శనివారం పాతసామాన్లతను పెట్టె ఎత్తి భుజానికి ఎక్కించుకుంటుంటే బావగారు గుమ్మంలోకి వచ్చారు. తాడులేని మెడ తడుముకున్నారు.

"పెన్‌డ్రైవ్ మర్చిపోయానమ్మాయ్. అది తీసుకుని వెళ్ళిపోతాను."

"దించవయ్యా" అంది ఆవిడ పాతసామాన్లతనితో. "అమ్మడం లేదు."

అతను సణుక్కుంటూ దించాడు. ఆవిడ పెన్‌డ్రైవ్ బావగారి చేతిలో పెట్టి, నవ్వు బయటపడకుండా మొహం గంభీరంగా పెట్టుకుంది.

"అయినా బావగారూ, ఈ వీధిదీపాల పని వారానికి రెండు రోజుల్లో తెమిలేట్టు లేదు. సోమవారం కూడా వస్తేగాని కుదరదు."

బావగారు లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు పైకప్పుకేసి చూశారు.

"నిజమే అమ్మాయ్. మురిక్కాలవల అర్జీలు కూడా బోలెడు పేరుకుపోయాయి."