నెయ్యి తాగిన వంశంతో కొండాపూర్ యాత్ర

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు శ్రీనుకి ముప్ఫై రెండేళ్లకే షుగర్ బయటపడింది. కొండాపూర్ డాక్టరు, "మీ తాతముత్తాతలు ఏం తిన్నారో తెలిసిన పెద్దవాళ్లని తీసుకురండి" అన్నాడట. రోగం మనవడిది, విచారణ తాతలకు! మా ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు మేనత్త బుచ్చమ్మ ఒక్కతే కనుక ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాను.

పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో బస్సెక్కాం. జడ్చర్ల రాకముందే అత్త పక్క సీటామెకు మా వంశ చరిత్ర మొదలుపెట్టింది.

"మా నాయిన పొద్దుకు గిన్నెడు నెయ్యి తాగేటోడు. సన్నబియ్యం తప్ప ముట్టలే."

"గిన్నెడు నెయ్యా? మరి గీ ఎర్రబస్సుల ఎందుకొస్తున్నరమ్మా?" అందామె.

తొమ్మిది దాటాక హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండులో దిగి ఇడ్లీలు తిన్నాం. రెండు సిటీ బస్సులు మారి కొండాపూర్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వెనక వచ్చేవారికో మాట: మాదాపూర్ దాటాక నీడ దొరకదు, నీళ్లసీసా మరవకండి. బండరాళ్ల మధ్య అద్దాల మేడ చూసి అత్త ఆగిపోయింది.

"గింత ఎండల అద్దాలేందిరా, లోపలోళ్లు ఉడకరా?"

శ్రీను పనిచేసేదీ ఇలాంటి మేడలోనే, లోపలంతా చల్లగాలి, కుర్చీలోంచి లేవకుండా పని, బిర్యానీ పొట్లం కూడా కుర్చీ దగ్గరికే వస్తుందని చెప్పాను.

"గట్లైతే రోగం రాకేమైతది!" అంది.

క్లినిక్‌లో శ్రీను పక్కన వాళ్ల మామగారు కూర్చున్నారు. కాకినాడ మనిషి, రిటైర్డ్ తాసిల్దారు. వియ్యంకుడి ముందు పాత ఆకలి మాట ఎత్తితే మా వైపు తల కొట్టేసినట్టే. ఇంకేముంది, గిన్నెడు నెయ్యి కాస్తా బిందెడయింది.

డాక్టరు పొంగిపోయాడు. "అయితే నెయ్యి, వరి అన్నం మీకు తరతరాల అలవాటేనండి. ఒంటికి పడతాయి. శుభ్రంగా తినండి. మాత్రలు ఆపి చూద్దామండి."

శ్రీను మొహం వెలిగింది. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా అత్త లేచి నిలబడింది.

"ఆగు సారూ, మందు బంద్ జెయ్యకు. నేను చెప్పిందంత అబద్ధం. మా నాయిన నెయ్యి మొకం గూడ సూడలే. కరువుల గంజికి లైన్ల నిలవడ్డడు. గీ శ్రీను వాళ్ల నాయిన కడుపుల ఉన్నప్పుడు మా అమ్మ చింతగింజలు ఉడకవెట్టుకొని తిన్నది. నా కండ్లతోటి సూసిన."

డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "కడుపులోనే ఆకలి చూసిన ఒళ్లు దొరికిందల్లా దాచుకుని షుగరు తెచ్చుకుంటుందని, ఆ గుణం పిల్లల దాకా రావచ్చని ఈమధ్య కొందరంటున్నారండి. మాత్రలు ఆపొద్దు. నెయ్యి ఆపండి" అన్నాడు. తాసిల్దారుగారు గొంతు సవరించుకుని, తమ ఇంట్లో మాత్రం నెయ్యి నిజమేనన్నారు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

సాయంత్రం బస్సులో తిరుగు ప్రయాణం. ఈ యాత్రలో నాకు తెలిసిందొక్కటే: మా ఒళ్లు దాచిన దానికంటే మా పరువు దాచిందే ఎక్కువ. షాద్‌నగర్‌లో చాయ్ తాగి మళ్లీ ఎక్కాక అత్త నోరు విప్పింది.

"మీ నాయిన కాలు పుండు మానకనే పాయె గదరా. దిష్టి తగిలిందని నిమ్మకాయలు తిప్పినం. నెయ్యి తిన్న వంశానికి రోగమేందని దవాఖానకు గూడ తీస్కపోలే. గది గూడ షుగరేనా?"

"ఏమో అత్తా" అన్నాను. జడ్చర్ల దారిలోని బాలానగర్ వచ్చిందని కిటికీలోంచి చూపించాను. ఆమె అటు చూడలేదు.