దావీదు పగలగొట్టిన సుడి బండలు

కోదాడ బైపాస్ పక్కన బండల యార్డులో దావీదు ముప్పయ్యేళ్లుగా చేస్తున్నది ఒకటే పని. లారీలో వచ్చిన నాపరాయి బండల్ని ఎండకు నిలబెట్టి, నీళ్లు చల్లి చూస్తాడు. తడిసిన బండ మీద, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనబడితే అది సుడి బండ. ఎద్దును కొనేటప్పుడు ఒంటి మీద సుడి ఎక్కడుందో చూసే మనుషులం, బండకు మాత్రం ఎందుకు చూడం? సుడి ఉన్నదాన్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. దావీదు దాని మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి, సుత్తితో కంకర చేసేస్తాడు. ఇవన్నీ నమ్మనని చెప్పుకుని తిరిగే నేను కూడా, మిర్యాలగూడలో కడుతున్న మా ఇంటి మెట్టుకు సుడి బండ వస్తే నోరు మూసుకుని ఈ యార్డుకే వెనక్కి పంపాను.

అతను పగలగొట్టకుండా వదిలింది ఒక్కటే. అది అతని భార్య ఉప్పలమ్మ సమాధి మీద ఉండేది. ఆమె అదే యార్డులో కోత మిషన్ దగ్గర పనిచేసింది. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, సూర్యాపేట దవాఖానలో ఆక్సిజన్ పెట్టినా ప్రాణం నిలవక చనిపోయింది. మంచి బండ కొనే స్తోమత లేక, దావీదు ఒక సుడి బండనే అడిగి తెచ్చుకుని, మూలన సిలువ చెక్కి పరిచాడు. నాలుగేళ్లు ఆ సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అందరొద్దన్న బండ నా పెండ్లాం మీద పెట్టిన సారూ" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

మొన్న శనివారం నల్ల గ్రానైటు పలక తెప్పించాడు. పాత బండను సమాధి మీంచి తీసి, పగలగొట్టడానికి ట్రాలీ ఆటోలో యార్డుకు తెచ్చాడు.

ఆ మధ్యాహ్నమే మెట్ల బండలు చూద్దామని మా మరదలు సౌమ్యతో కలిసి వెళ్లాను. ఆమె చిలుకూరు బడిలో జీవశాస్త్రం చెబుతుంది. మేం గేటు దాటుతుండగానే దావీదు మొదటి దెబ్బ వేశాడు. సిలువ ఉన్న మూల ఎగిరి కంకర కుప్పలో పడింది.

సౌమ్య ఉరికి అతని చెయ్యి పట్టుకుంది. "ఆగన్నా. ఇదేందో ఎరికేనా నీకు?"

"సుడి బండ టీచరమ్మా. మంచిది గాదు."

ఆమె వలయాల మీద వేలు పెట్టి చెప్పుకొచ్చింది. భూమ్మీద పీల్చే గాలే లేని కాలం ఒకటుందట. అప్పుడు కంటికి ఆనని జీవులు నీళ్లలో ఎండను తింటూ ఆక్సిజన్ వదిలాయట. ఆ గాలి పడక అప్పటి జీవాలు కొన్ని చచ్చాయి. దాన్ని పీల్చడం నేర్చుకున్నవాటి సంతానమే చేపలు, ఎడ్లు, మనం. ఆ జాతి జీవులు పొర మీద పొర కట్టుకున్న గుర్తులే ఈ సుళ్లు.

  దావీదు ఒక్కటే అడిగాడు.

"ఆక్సిజనంటే, దవాఖానల ఉప్పలమ్మకు పెట్టిందేనా?"

"అదే అన్నా."

అతను సుత్తి వదిలేసి కూలబడ్డాడు.  "ఊపిరి ఇచ్చినదాన్నా నేను గిన్నేండ్లు పలగ్గొట్టింది? ఆ దుమ్మేనా ఉప్పలమ్మ మింగింది?"

సౌమ్య కింద పడ్డ సుత్తిని పక్కకు తీసి పెట్టింది.

దావీదు లేచి, మూల విరిగిన బండనే మళ్లీ ట్రాలీ ఎక్కించాడు. గ్రానైటు పలక వైపు చూడనైనా లేదు. తర్వాత సిలువ ముక్క కోసం కంకర కుప్ప దగ్గర కూర్చున్నాడు. మేమూ వెతికాం. అది దొరకలేదు. చేతికొచ్చిన ముక్కనల్లా అతను నీళ్లలో తడిపి చూశాడు. దేన్ని చూసినా సుడే. ఒక్కదాన్ని కూడా తిరిగి కుప్పలో వేయలేకపోయాడు. ఒళ్లో పరిచిన తువ్వాల నిండిపోయింది.

"గీ ముక్కల్ల ఏది పారేయాలె సారూ?" అని నన్నడిగాడు.

నేను వెనక్కి పంపిన మెట్టు బండ కూడా ఆ కుప్పలోనే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు.