మెక్సికో రొట్టెకు ఆవ పెట్టిన మా వదిన

నేను జీవితంలో నిజం చెప్పిన సందర్భాలు తక్కువే, కాదనను. మా పుట్టిల్లు కళింగపట్నం. మా నాన్న వాకిట్లో ఎండబెట్టిన చేపలు తొలకరి చినుకులు పడగానే లేచి, ఇసక దులుపుకుని, వరసగా సముద్రంలోకి వెళ్లిపోయాయని కాపరానికొచ్చిన కొత్తలోనే అత్తవారింట్లో చెప్పాను. అప్పటినుంచి ఈ విజయనగరం ఇంట్లో నా మాటకు ఎంత విలువుందో మీరే ఊహించుకోండి. అయినా, అరుదుగా చెప్పిన నిజాన్నైనా నిజంగా ఉండనివ్వాలి కదా. దానిమీద బెల్లం వేసే హక్కు ఎవరిచ్చారని?

అమ్మాయిని విశాఖపట్నంలో కాలేజీ హాస్టల్లో దిగబెట్టడానికి వెళ్లినప్పుడు, అక్కడ కొత్తగా కట్టిన మాల్‌లో అది నాకు కేసడియా తినిపించింది. మెక్సికో దేశం వంట. పల్చటి రొట్టెలో మెదిపిన రాజ్మా, తురిమిన చీజ్ పెట్టి, సగానికి మడిచి పెనం మీద కాలుస్తారు. పక్కన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర పచ్చివే సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి ఇస్తారు. గింజలు ఉడికి ఉంటే చాలు, మిగతాదంతా అన్నం ఉడికేలోగా అయిపోతుంది. తింటూనే ఎలా చెయ్యాలో పట్టేశాను.

ఆ వారంలోనే మా ఆడపడుచు కంటి డాక్టరుకు చూపించుకోవడానికి శృంగవరపుకోట నుంచి వచ్చింది. మా ఆయనకు అప్ప, నాకు వదిన. రాత్రి భోజనాల దగ్గర నేను ఈ వంట సంగతి ఎత్తగానే ఆవిడ కంచంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఒరే తమ్ముడూ, నీ పెళ్లాం సేపలు ఇప్పుడు మెక్సికో దాకా ఎల్లిపోనాయి సూసినావా" అంది.

ఫోనులో ఫొటో చూపించాను. "మడతపెట్టిన సపాతీ" అంది. అమ్మాయికి ఫోను చేసి మాట్లాడించాను. "కూతురు తల్లి పక్షాన కాక నా పక్షాన సెప్తాదేటి" అంది. మా ఆయన నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ తాగాడు.

నాకు తిక్క రేగింది. "రేపు మధ్యాహ్నం అచ్చం అలాగే వండి పెడతాను. తిన్నాక, మరదలు చెప్పింది నిజమేనని మీ నోటితో మీరే అనాలి వదినా" అన్నాను.

"అలాగే అంటాను. ముందు వండు" అంది.

నవ్వకండి. నిజం చెప్పి కూడా అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎలా ఉంటుందో అబద్ధాలు చెప్పేవాళ్లకే తెలుస్తుంది. అబద్ధం దొరికిపోతే నవ్వేసి ఊరుకోవచ్చు. నిజం దొరికిపోతే ఏం చేస్తాం?

రాత్రే నానబెట్టిన రాజ్మాను మర్నాడు ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర పొడితో మగ్గబెట్టి గరిటెతో మెదిపాను. చింతపండు లేదు, పోపు లేదు. చపాతీలు చేసి గుడ్డలో చుట్టాను. ఊళ్లో నాలుగు కొట్లు తిరిగి సంపాదించిన చీజ్ ముక్కను కొబ్బరి తురిమినట్టు తురిమాను. ఇంతలో వీధిలో కూరల బండి కేక వినిపించింది. నిమ్మకాయలు లేవని గుర్తొచ్చి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే ఘాటు ముక్కుకు తగిలింది.

"వదినా, ఏటి కలిపేరిందులో?"

"ఏటి కలుపుతాను. సప్పగా ఏడుస్తన్నాది. సిన్న బెల్లం ముక్కేసి, పొద్దున్న అరటికాయ కూరకి నూరిన ఆవ ఉంటే పెట్టినాను. బెల్లం లేకండా, ఆవ పెట్టకండా దాన్ని కూరంటారేటే?"

"మెక్సికోలో ఆవ పెట్టరు వదినా."

"నువ్వెల్లి సూసొచ్చినావేటి?"

మా ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మొత్తం చూశాడు. "మీరు చెప్పొచ్చు కదా" అని అడిగితే, "అప్ప సెయ్యి మంచిదేలే. ఒగ్గెయ్యే" అన్నాడు.

ఒగ్గెయ్యాలట. రాజ్మా మళ్లీ నానబెట్టి ఉడికించే వ్యవధి లేదు. సాయంత్రం బస్సుకు వదిన వెళ్లిపోతుంది. పళ్లు కొరుకుతూ అదే కూర పెట్టి మడిచి కాల్చి వడ్డించాను. ఇద్దరూ తిన్నారు, గిన్నె అంచులు కూడా చపాతీతో తుడిచారు. ఆ పైన వదిన చెయ్యి కడుక్కుని తీరిగ్గా తీర్పు చెప్పింది.

"బొబ్బర్ల కూరకీ దీనికీ తేడా ఏటున్నాదే? మా ఇంట్లో నెలకోపాలి వండుతాను. దీనికి మెక్సికో అని పేరెట్టి మా సెవిలో పువ్వులెడతన్నావు."

చూశారా అన్యాయం? నా సాక్ష్యాన్ని తన చేత్తో చెడగొట్టి, ఆ చెడగొట్టినదాన్నే చూపించి నన్ను అబద్ధాలకోరంటుంది. తగువు పడితే మా ఆయన మళ్లీ మజ్జిగ గ్లాసు ఎత్తుతాడు. ఉక్రోషం గొంతుదాకా వచ్చింది. అది నోట్లోంచి ఇంకో రూపంలో బయటపడింది.

"నిజమే వదినా, మనదే" అన్నాను. "పూర్వం మా కళింగపట్నం రేవులో ఓడ ఎక్కిన వంటావిడ ఒకర్తి గాలివానకి దారితప్పి మెక్సికోలో తేలింది. ఆకలికి అక్కడి గింజలు మెదిపి రొట్టెలో పెట్టుకు తింటే వాళ్లు నేర్చుకున్నారు. మూటలో తెచ్చుకున్న బెల్లం, ఆవాలు అప్పటికే అయిపోయాయి. అందుకే వాళ్లు ఇప్పటికీ అవి లేకుండానే తింటున్నారు."

వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అదా సంగతి. అందుకే కూర సూడగానే నా సెయ్యి బెల్లం డబ్బా మీదకి ఎల్లిపోనాది" అంది. "పాపం, ఆవ లేకండా ఎలాగ తింటన్నారో. ఈపాలి మాత్రం నిజం సెప్పినావే మరదలా."

నాకు కావలసిన మాట అదే. అది నేను వండినదానికి రాలేదు, అమ్మాయి సాక్ష్యానికి రాలేదు, లేని వంటావిడకు వచ్చింది. ఆ సాయంత్రం వదినను బస్సెక్కించి వచ్చి, కోపంతో రెండు గిన్నెలు ఎక్కువ తోమాను.

తర్వాత కొన్నాళ్లకు ఆవిడే ఫోను చేసింది. ఆ కథ అక్కడ వీధంతా చెప్పిందట, అందరూ మెచ్చుకున్నారట. మాటల్లో తేలిందేమిటంటే, ఓడ ఎక్కినావిడ ఇప్పుడు శృంగవరపుకోట మనిషి.

"కోటలో సముద్రం ఎక్కడుంది వదినా?" అన్నాను, ఒళ్లు మండి.

"బస్సెక్కి రేవుకి ఎల్లుంటాది."

"పూర్వం బస్సులెక్కడివి?"

"నీతో ఇదేనే గొడవ" అంది వదిన. "నిజం సెప్తే నమ్మవు."