పెళ్లి బస్సుకు మా వీధి పోసిన డీజిల్

నిన్న ప్రొద్దుటూరులో బంకు ముందు జనం నీళ్ల క్యాన్లు పట్టుకుని డీజిల్ కోసం నిలబడి ఉన్నారు. ఆ వాసనకు మా నాయనమ్మ ఊరగాయ జాడీ గుర్తొచ్చింది.

చాపాడు దగ్గర మా ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ఒకసారి ఇలాగే డీజిల్ దొరకలేదు. బావి ఇంజన్ల కోసమని ఇంటింటా దాచుకున్నారు. అడిగితే మాత్రం చుక్క లేదనేవారు. మీ ఇళ్లలో ఎక్కడ దాచేవారో గుర్తుందా?

మా చిన్నాన్న పెళ్లికి జమ్మలమడుగు పోవాల్సిన బస్సు ఆ పొద్దున డీజిల్ అయిపోయి మా వీధిలోనే ఆగింది. ముహూర్తం పదిన్నరకు. చిన్నాన్న బాసికంతో అరుగు మీద కూలబడ్డాడు.

నాయనమ్మ లోపలికి పోయి జాడీ నిండా డీజిల్ తెచ్చింది.

"ఏంది పెద్దమ్మా, మొన్న చుక్క లేదంటివే?" అన్నాడు పక్కింటి ఖాసీం మామ.

"నీ గడ్డివాములో రెండు డబ్బాలుండాయి గదప్పా, అవీ తే!"

వీధంతా నవ్వింది. ఆ తర్వాత ఒక్కో ఇంటి నుంచి బిందెలు, కుండలు బయటికొచ్చాయి.

"సాలప్పా, పొర్లిపోతాంది!" అని డ్రైవరు అరిచాడు.

డీజిల్ పోసినవాళ్లంతా బస్సెక్కారు. లోపల పట్టనివాళ్లు పైకెక్కారు. నలభై మందికి వండిన ఆడపెళ్లివారు మమ్మల్ని చూసి, తాళి కట్టకముందే మళ్లీ ఎసరు పెట్టారు.