నూనె తాగే వడియాలు

ఆ రోజుల్లో పదో తరగతి ఫలితాలు న్యూస్‌పేపర్లో నెంబర్ల వారీగా పడేవి. రెండేళ్ళు వరసగా పడ్డాయి, రెండేళ్ళూ నా నెంబరొక్కటే వెయ్యడం మర్చిపోయారు. (అచ్చువేసినవాళ్ళ తప్పేం లేదని మా నాన్న వాదన.) మూడోసారి వాళ్ళకా శ్రమ ఎందుకులే అని చదువు మానేసి, ధవళేశ్వరం దాటాక కాలవ గట్టున ఉన్న అట్టల మిల్లులో పనికి చేరిపోయాను. చిత్తుకాగితాలు నానబెట్టి, గుజ్జు చేసి, అట్టపెట్టెలకి అట్టలు తీసే మిల్లు అది. చేరిన వారానికే లారీలోంచి దింపిన కట్టల్లో సరిగ్గా ఆ ఫలితాల పేపర్లే కనిపించాయి. వాటిని నా చేతుల్తో నేనే తొట్లోకి తోసి గుజ్జు చేశాను. ఫస్టు క్లాసులో పాసైనవాడిక్కూడా అంత తృప్తి దక్కి ఉండదు.

నా ఉద్యోగం పేరు ఆయిల్‌మేన్. పేరు వింటే ఏదో అనిపిస్తుంది గానీ, చేతిలో నూనె డబ్బా పట్టుకుని రోజంతా మిషను చుట్టూ ప్రదక్షిణలు చెయ్యడమే పని. పది చుక్కలు బేరింగులో పడితే ఇరవై చుక్కలు నేల మీద పడేవి. మా షావుకారుగారు, అంటే మిల్లు ఓనరు, చెప్పులు జారకుండా గోడ పట్టుకుని నడుస్తూ, "ఒరేయ్, నువ్వు మిషనుకి నూనె పోస్తన్నావా, నేలకి తలంటి పోస్తన్నావా?" అనేవారు. "పండగొస్తంది కదండీ" అనేవాణ్ణి. నోరు ఊరుకునేది కాదు. ఆ నోరే ఒకరోజు మిల్లు మొత్తాన్ని నా నెత్తి మీదికి తెచ్చింది.

అదెలాగంటే, కాగితం కడిగిన నీళ్ళల్లో అట్టకి పనికిరాని పొట్టి పీచూ, సుద్దా, ఇంకూ కలిసి అడుగున బూడిదరంగు ముద్దలా పేరుకునేది. దాన్ని మేం మడ్డి అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఆ మడ్డిని ప్రహరీ గోడ పక్కన పోస్తూ పోస్తూ తాటాకు పాకంత గుట్ట చేశాం. గోడకి అవతల మీసాల పెద్దాయన పొలం. ఆ మీసాలు ఎంతటివంటే, ఆయన కోపంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి మొహం చూడక్కర్లేదు, మీసం కొసలు చూస్తే చాలు. ఎండాకాలం కాలవలు కట్టేసిన రోజుల్లో ఒక పొద్దున ఆయన నలుగురు రైతుల్ని వెంటేసుకుని మా ఆఫీసు గదిలోకి వచ్చారు.

"షావుకారుగారూ, పోయినేడు తొలి వానకే మీ మడ్డి మా పొలం బోదెకాలవలోకి దిగి నారుమడి సగం పాడైపోయింది. ఈసారి కాలవకి నీళ్ళొదిలే రోజుకి ఆ గుట్ట అక్కడుందంటే మీ గేటుకి తాళం వేస్తాం. ఇదిగో, తాళం కూడా కొన్నాను" అని జేబులోంచి అరచెయ్యంత తాళం తీసి బల్ల మీద పెట్టారు.

నలభై మంది అన్నం తినే మిల్లు అది. అలాంటప్పుడు బుద్ధున్నవాడు నోరు మూసుకుంటాడు. నేను నూనె డబ్బాతో గుమ్మంలో నిలబడి, "బాబాయిగారండీ, తాళంచెవులు రెండిచ్చారాండి, ఒకటేనా?" అన్నాను.

మీసం కొసలు పైకి లేచాయి. "ఎవడ్రా ఈడు?"

"ఆయిల్‌మేనండి."

"ఎకసెక్కాలు బానే ఆడతన్నావు. ఆ గుట్ట నువ్వు తీస్తావా?"

"ఆయ్, అదెంత పనండీ! నీళ్ళొచ్చేలోపు తీసేసి మీకు చూపిత్తాను. తియ్యలేకపోతే నన్ను పన్లోంచి తీసెయ్యమనండి."

వాళ్ళు వెళ్ళాక షావుకారుగారు తల పట్టుకుని, "మిల్లే మూతపడ్డాక నిన్ను ఎందులోంచి తియ్యమంటావురా?" అన్నారు నీరసంగా. లారీలకెత్తి ఎక్కడికైనా తోలేద్దామా అంటే, ఏ ఊరి శివార్లో పోసినా ఆ ఊరివాళ్ళూ తాళం కొనుక్కుంటారు. నలభై రోజులు గడువు. నా దగ్గరున్నది ఒక నూనె డబ్బా, ఒక నోరు.

మొదట నా బుర్రకి తట్టింది పిడకలు. పేడ ఎండితే మండుతుంది కదా, కాగితం ఎందుకు మండదు? మిల్లు గోడంతా మడ్డి పిడకలు కొట్టించి, వారం ఎండబెట్టి, ఇటుక బట్టీ ఆయనకి ఓ బండెడు ఇచ్చి వచ్చాను. మర్నాడే ఆయన బండి వెనక్కి తోలుకొచ్చాడు. "బాబూ, నీ పిడక మండట్లేదు, ఏడుస్తంది" అన్నాడు. విరిచి చూస్తే పైన ఎండి రాయిలా ఉంది, లోపల పచ్చి పచ్చిగా ఉంది.

ఆ వెనక్కొచ్చిన పిడకల దగ్గరే నా అదృష్టం తిరిగింది. ఒక మధ్యాహ్నం గేరుబాక్సు కింద నూనె ఒలకబోశాను (రోజువారీ కార్యక్రమమే). ఇంతలో షావుకారుగారి దగ్గు వినపడింది. కంగారులో పక్కనున్న పిడకని కాలితో నలిపి ఆ పొడి నూనె మీద చల్లేసి, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తూ నిలబడ్డాను. ఆయన దాటిపోయాక తుడుద్దామని చూస్తే తుడవడానికేం లేదు. నేల మీద నూనె చుక్క లేదు! పిడక అంచుల్లో పల్చగా ఎండిన పెళుసులు నల్లగా ఉబ్బి కూర్చున్నాయి, నడిమి గట్టి ముక్కలు మాత్రం నూనెలో పడి కూడా చుక్క తాగలేదు. అంటే సరుకులో లోపం లేదు, ఎండబెట్టడంలో ఉంది. పల్చగా, లోపల గుల్లగా ఎండాలి. ఎండబెట్టడం అనగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మా అత్త పిండి వడియాలు పెట్టి రాజమండ్రి కొట్లకి వేసేది. ఆ వడియం మూకుడులో పడిందంటే పువ్వులా విచ్చుకునేది, తీసి కాగితం మీద పెడితే కాగితానికి మరకంటేది కాదు. అంతటి చెయ్యి. వెళ్ళేసరికి డాబా మీద పిండి గిన్నె ముందేసుకుని కూర్చుంది.

"అత్తా, వడియం నూనెందుకు తాగుద్ది?"

"పెట్టడం చేతకాపోతే తాగుద్ది. పిండి జారుగా కలిపి, అదేపనిగా గిలక్కొట్టి, పల్చగా పెట్టి, ఎర్రటెండలో పడేస్తే లోపలంతా గుల్లయిపోద్ది. ఇంక మూకుట్లో పోసిన నూనె మూకుట్లో ఉండదు. నా చేతి వడియం ఏనాడన్నా నూనె తాగిందేంట్రా?"

"లేదత్తా. అదే నీలో లోపం."

పిండి చెయ్యి నా వీపు మీద పడింది. వీపు తడుముకుంటూనే సంగతంతా చెప్పాను. నూనె తాగే వడియాలు కావాలి, ఓ తాటాకు పాకంత. అత్త మొహం చూడాలి. ముప్పై ఏళ్ళు కష్టపడి ఏ తప్పు చెయ్యకూడదని నేర్చుకుందో, ఆ తప్పే పనిగట్టుకుని చెయ్యమంటున్నాను. "నా పేరు గోదాట్లో కలపడానికి పుట్టావురా నువ్వు" అంది. అయినా మర్నాడు పొద్దున్నే చీర కొంగు దోపుకుని, పదిమంది ఆడవాళ్ళని తీసుకుని మిల్లు గేట్లోకి వచ్చింది. గుట్ట దగ్గర కూర్చుని చిటికెడు మడ్డి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "పిండి బానే ఉంది, వాసనే దరిద్రంగా ఉంది" అని తేల్చింది. షావుకారుగారు ఆవిడకి నమస్కారం పెట్టారు. మిల్లు పెట్టిన ఇన్నేళ్ళకి ఆయన మడ్డిని మెచ్చుకున్న మొదటి మనిషి మరి.

పాత తొట్టెలో మడ్డి పోసి నీళ్ళు కలిపి నేనూ ఇంకో ఇద్దరం తెడ్లతో గిలక్కొట్టేవాళ్ళం. నురగ తేలాక బుట్టల్లో అందిస్తే ఆడవాళ్ళు ఎండలో పరిచిన బరకాల మీద చిటికెలు చిటికెలుగా పెట్టుకుంటూ పోయేవారు. చేతులు అలవాటైపోయి వడియం పొందిగ్గా వచ్చేస్తే అత్త కేకలు: "ఏమేవ్, అంత బాగా పెట్టకు! కొంచెం చెడగొట్టవే!" ఎర్రటి ఎండ, వడగాడ్పు, రెండ్రోజుల్లో కరకరలాడిపోయేవి. నాలుగు బుట్టల మడ్డి ఎండితే ఒక బుట్ట మిగిలేది. గుట్ట కరగడం మొదలైంది. గట్టు మీద బస్సు ఆగినప్పుడల్లా కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చేవి. "ఏవండోయ్, మిల్లులో ఎవరి పెళ్ళండీ?" "మా గేటుకండి, తాళంతో!" అని అరిచేవాణ్ణి. నవ్వుతూనే అరిచేవాణ్ణి గానీ, సాయంత్రం ఎండినవాటిని బస్తాలకెత్తి గోడౌనులో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఎండబెట్టడం అయితే అయింది, ఈ బస్తాలు ఎవరు తీసుకెళ్తారు? లారీ షెడ్లకి తిరిగితే, "రంపప్పొట్టు ఉంది కదా, ఈ వడియాలెందుకు?" అని నవ్వి పంపేశారు. గోడ పక్కన గుట్ట పోయి గోడౌనులో గుట్ట లేచింది. తొలి వానకి ఆ గోడౌను కప్పు కారిందంటే మళ్ళీ బోదెలోకే.

నీళ్ళు వదలడానికి ఇంకో పది రోజులుందనగా ఒకరోజు మేమంతా భోజనాలకి వెళ్ళివచ్చేసరికి బరకం మీద ఒక మూల వడియాలు ఖాళీ. ఆ ఖాళీలో ఒక అరటిగెల ఉంది. ఎవరో పుణ్యాత్ములు కష్టజీవులకి పెట్టి వెళ్ళారనుకుని తలా రెండు తినేశాం. గంట తిరక్కుండా గేటు దగ్గర గోల. మీసాల పెద్దాయన. చేతిలో తాళం కాదు, మూకుడు.

"ఏంట్రా ఇది?"

జరిగిందేంటంటే, మా అత్త మిల్లులో కూర్చుని వడియాలు పెడుతోందన్న కబురు ఆయన భార్యగారి చెవిన పడింది. ఇంటికి చుట్టాలొచ్చారు, మా అత్త చేతి వడియాలంటే వేరే చెప్పాలా, ఓ బుట్టెడు పట్రమ్మని పాలేరుని పంపారు. ఇక్కడ అడుగుదామంటే ఎవరూ లేరు. ఊరికే తీసుకుంటే బాగుండదని అతను గెల పెట్టి వడియాలు పట్టుకెళ్ళాడు.

"మూకుడు నిండా వేరుశెనగ నూనె పోసింది మా ఆవిడ. నాలుగు గుప్పిళ్ళు వేసింది. పప్పు గిన్నె దించి వచ్చేలోపు నూనె లేదు! ఇంకాస్త పోసింది. అదీ లేదు! ఒక్కటంటే ఒక్కటి పొంగలేదు. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చుని మూకుడు వంక చూస్తన్నారు."

షావుకారుగారు అడ్డం వచ్చారు. "ఎవరన్నా తిన్నారాండీ?"

"తినడానికి ముందు పొంగాలి కదయ్యా!"

మా అత్త అప్పటికే నెత్తీనోరూ కొట్టుకుంటోంది: "నా చేతి వడియం నూనె తాగిందని చుట్టాల ముందు రుజువైపోయింది, ఇంకేం మొహం పెట్టుకు తిరగను!"

నేను ఆ మూకుడు అందుకున్నాను. అందరూ చూస్తుండగా పెద్దాయన తెల్లటి పంచె మీదికి బోర్లించి పట్టుకున్నాను. ఆయన "ఒరేయ్ ఒరేయ్" అంటూ వెనక్కి గెంతారు. నాలుగు వడియాలు రాలాయి. నూనె మాత్రం చుక్క కారలేదు.

"బాబాయిగారండీ, పంచె మీద మరకుందాండీ?"

చూసుకున్నారు. లేదు.

"మీ పొలంలో ఆయిలింజను షెడ్డులో కారిన డీజిలు ఎక్కడికి పోతందండీ?"

మీసం కొసలు మెల్లిగా దిగాయి. అది పోయేదీ ఆయన బోదెలోకే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు. పెద్దాయన నా చేతిలోంచి మూకుడు లాక్కుని, "ఓ బస్తా ఇయ్యి. చూద్దాం" అన్నారు.

ఒకటి తీసుకెళ్ళిన మనిషి మర్నాడు ఇంకో మూడు బస్తాల కోసం వచ్చారు. ఆ మర్నాడు రావులపాలెంలో లారీ షెడ్డున్న ఆయన బావమరిది ట్రాక్టరేసుకుని దిగాడు. షెడ్డు నేల మీద చల్లుకుంటే రంపప్పొట్టు కన్నా ఎక్కువ తాగుతోందట, చెప్పులకి అంటుకోవడం లేదట. ఒక షెడ్డు చూసి ఇంకో షెడ్డు. నన్ను నవ్వి పంపినవాళ్ళే గేటు దగ్గర బళ్ళు వరసగా పెట్టుకుని, "అబ్బాయ్, మనకో పది బస్తాలు అట్టే పెట్టు" అని గడ్డం పట్టుకునేవారు. నూనె తాగిన వడియాల్ని షెడ్లవాళ్ళు ఇటుక బట్టీ ఆయనకిస్తే ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, "బాబూ, ఏడవట్లేదు, దీపావళే!" అన్నాడు.

కాలవకి నీళ్ళు వదిలిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. ఎండుటాకులూ నురగా ముందు తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు వచ్చేస్తుంటే పిల్లలు దాని కన్నా ముందు పరిగెత్తుతున్నారు. పెద్దాయన చెప్పిన మాట ప్రకారం తాళం పట్టుకుని, అదే నలుగురు రైతులతో వచ్చారు. తిన్నగా ప్రహరీ గోడ పక్కకి నడిచారు. గుట్ట ఉన్నచోట బూడిదరంగు మచ్చా, దాన్ని కెలుక్కుంటున్న రెండు కోళ్ళూ ఉన్నాయి. బోదెలోకి నీళ్ళు తేటగా తిరిగాయి.

"మరి ఈ తాళం ఏం చెయ్యమంటావురా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే షావుకారుగారు అందుకున్నారు. "గోడౌనుకి వేయించండి బాబూ! మొన్నట్నించీ బస్తాలు మాయమవుతున్నాయి."

మీసాల పెద్దాయన పళ్ళు నేను చూడటం అదే మొదలు. తాళం ఆయనే స్వయంగా గోడౌనుకి వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. మిల్లంతా ఈలలు.

ఆ దసరాకి మిషన్ల పూజయ్యాక షావుకారుగారు నాకు శాలువా కప్పి, "మావాడి బుర్రే బుర్ర" అని ఉపన్యాసం ఇచ్చారు. నేను ఆ శాలువాని భుజాల మీంచి తియ్యకుండా, చెమటలు కారుతున్నా, ఊరి నడిమి నుంచి చుట్టూ తిరిగి అత్త ఇంటికి వెళ్ళాను, ఆవిడ కళ్ళు చెదరాలని. ఇప్పుడు నా జుట్టు అచ్చం ఆ మడ్డి రంగుకొచ్చింది. నన్ను ఎవరైనా తెలివైనవాడంటే వెనక్కి తిరిగి, ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకునే వయసు. అప్పట్లో ఆ జ్ఞానం లేదు. గుమ్మంలో నిలబడి శాలువా సర్దుకుంటూ, "అత్తా, చూశావా నీ మేనల్లుణ్ణి!" అన్నాను.

అత్త పిండి గిన్నెలోంచి తలెత్తకుండానే అంది:

"ముప్పై ఏళ్ళు మంచి వడియాలు పెడితే నన్ను పలకరించినోడు లేడు. నెల్లాళ్ళు చెడ్డవి పెడితే నీకు శాలువా కప్పారు. అవి కూడా నువ్వే పెట్టుంటే, ఏనుగెక్కించి ఊరేగించేవోళ్ళురా!"